చుక్క అవతల

ఐదో తరగతికి బెంచీలు లేవు.
గోనెపట్టా మీద కూర్చుని
పన్నెండు పాయింటు ఐదుకి
మూడు పాయింటు రెండు ఐదు కలిపాను.
కుడి చివరలు సమంగా సర్దితే
నాలుగు వందల యాభై వచ్చింది.
చుక్క ఎక్కడ పెట్టాలో తెలీక
రెండు చోట్లా పెట్టాను.

దమయంతి టీచరు నవ్వలేదు.
విజయనగరం నుంచి రెండు ఆటోలు మారి వచ్చే మనిషి,
కుచ్చిళ్ల నిండా గుర్ల రోడ్డు దుమ్ము.
"మీ అమ్మ ముగ్గేస్తాదా?"
"ఏస్తాది."
"చుక్కలెలా పెడతాది?"
"చుక్క కింద చుక్క."
"మరి నువ్వేటి చేసేవు?"

పుస్తకంలో పైసలున్నాయి.
పైస ఎలా ఉంటుందో మాలో ఒక్కరూ చూడలేదు.
ఆవిడే పుస్తకం మూసేసి
"ఇంట్లో పాల కార్డుంటే పట్రండి" అంది.

మర్నాడు పదకొండు కార్డులొచ్చాయి,
పేడ వాసనతో, పసుపు మరకలతో,
ఒకటి దూడ నమిలినది.
ఆ రోజు సున్నా గురించి చెప్పింది:
ముందు నిలబడితే దానికి విలువ లేదు,
చుక్క దాటాక చిట్టచివర నిలబడినా లేదు,
చుక్కకీ అంకెకీ మధ్య దూరిందా,
అంకెని ఒక ఇల్లు అవతలికి నెట్టేస్తాది.

ఆ రాత్రి కరెంటు ఉంది.
మా కార్డు ముందేసుకుని
పది రోజుల పాలు ఎక్కించాను.
రెండు పాయింటు ఐదు, రెండు పాయింటు నాలుగు,
మళ్లీ ఐదు, ఆరు,
చుక్క కింద చుక్క.
గురువారం వరస ఒక్కటీ
పలుపు తెంపుకున్న దూడలా
కుడికి పొడుచుకొచ్చింది.
రెండు పాయింటు సున్నా ఐదు.

అమ్మ గిన్నెలు తోముతోంది.
"లచ్చింవారం నాడా? రెండున్నరే.
కేను మోసిన సెయ్యికి తెల్దేటి?"
"మరి అడగలేదేం?"
బూడిద చేత్తోనే ముంగురులు తోసుకుంది.
"రాసినోడు ఆడు. నా సెయ్యి రాయనేదు కదే."

సున్నా పాయింటు నాలుగు ఐదు లీటర్లు.
నలభై ఐదు అనకూడదు, నాలుగు, ఐదు.
లీటరు నలభై రూపాయల లెక్కన
పద్దెనిమిది.
మూడుసార్లు గుణించాను,
మూడుసార్లూ పద్దెనిమిదే వచ్చింది.
నిద్ర మాత్రం రాలేదు.

తెల్లారి ఐదున్నరకి పాల కేంద్రం.
మంచులో కేన్లు, వాటి వెనక ఆడవాళ్లు, కాళ్ల దగ్గర కుక్క.
నా గొంతు నాకే వినబడనంత చిన్నగా చెప్పాను.
సూరిబాబు కార్డు దీపం దగ్గరికి పట్టాడు,
తిప్పాడు, మళ్లీ తిప్పాడు.
"కలం జారిపోనాది" అన్నాడు.
సున్నా మీద అడ్డగీత గీసి, పక్కన సంతకం పెట్టాడు.
"ఒలే, గుంటకి సదువొచ్చీసింది!"
ఎవరో అన్నారు.
నడుముల్లోంచి కార్డులు బయటికొచ్చాయి.
నాది సూడు, నాది సూడు.
సింహాచలమత్త కార్డులో ఒక్క తప్పూ లేదు,
ఆవిడ ముఖం చిన్నబోయింది.

పద్దెనిమిది రూపాయలు తర్వాతి బిల్లులో పడ్డాయి.
వాటితో ఏం కొన్నామో గుర్తులేదు.
అది దొంగతనమో తొందరో ఇప్పటికీ తెలీదు.
సూరిబాబు చదువు నాలుగో తరగతితో ఆగిందని
చాలా ఏళ్ల తర్వాత విన్నాను.
దశాంశాలు ఐదులో కదా వచ్చేవి.

అమ్మకి అంకెలు రాలేదు.
ఎన్నిసార్లు చెప్పినా ఆరూ తొమ్మిదీ ఒకటే ఆవిడకి.
చుక్క మాత్రం పట్టేసింది.
కార్డైనా, మందుల చీటీ అయినా,
రేషను డిపో తూకం మెషిన్లో ఎర్రగా వెలిగే అంకెలైనా,
ముందు వేలితో వెతుకుతుంది,
అన్నంలో రాయి వెతికినట్టు.
దొరికాక వేలు అక్కడే ఉంచి,
నా వైపు తిరిగి అడుగుతుంది:
"ఇదిగో, ఇక్కడుంది సుక్క.
దీని అవతల ఏటుందే?"